అరసవల్లికి ఆటో ఎక్కని ఆదివారం

మర్నాడు ప్రయాణం ఉందన్న సంగతే మర్చిపోయి, శనివారం సాయంత్రం విశాఖ జిమ్ములో మామూలుకన్నా ఎక్కువ బరువుతో స్క్వాట్లు (బరువు మోస్తూ తీసే గుంజీలు) కొట్టాను. దాని ఫలం శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దక్కింది. రైల్లో రెండు గంటలు కదలకుండా కూర్చుని లేచేసరికి తొడలు కొయ్యల్లా ఉన్నాయి. వంతెన ఎలాగో ఎక్కాను గానీ, దిగడం నా వల్ల కాలేదు. కమ్మీ పట్టుకుని పక్కవాటుగా, పీతలా దిగుతుంటే వెనకావిడ "దారియ్యి బాబూ" అని రెండుసార్లు విసుక్కుంది. ఈ స్టేషనున్నదేమో ఆమదాలవలసలో. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊసవానిపేట ఈ పక్కనే. అలాంటి చోట ఇలా దిగడానికి నాకే సిగ్గేసింది.

బస్సులో టౌనుకొచ్చి, కాంప్లెక్సు బయట అరసవల్లికి ఎంతని అడిగితే ఆటో అతను నూట యాభై అన్నాడు. రెండు మూడు కిలోమీటర్లకి! "ఆదివారం కద సార్, ఇదే రేటు." ఆదివారం సూర్యనారాయణస్వామికి ఇష్టమని తెలుసు గానీ, ఆటోలవాళ్లకి అంతకన్నా ఇష్టమని తెలీదు.

ఉక్రోషంతో టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. నా నిలబడ్డ తీరు చూసి పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"తొడలు పట్టేసినాయేటి?"

కుర్రతనంలో ఆయనా బరువులెత్తినవాడేనట. ఆటో సంగతి చెబితే నవ్వాడు. "కూకున్నావంటే ఇంకా బిగిసిపోతాది. నానూ గుడికే ఎల్తన్నాను. రా, నడుద్దాం."

మొదటి పది నిమిషాలు నరకం. తర్వాత కాళ్లు కాస్త నావే అనిపించి, హుషారొచ్చి జోరు పెంచాను. పెద్దాయన చెయ్యి పట్టి ఆపాడు. "మాటాడుకుంటా నడవాల బాబూ. మాట తెగిందంటే జోరు తగ్గించాల." సరిగ్గా ఇదే లెక్క జిమ్ముల్లో యాక్టివ్ రికవరీ (తేలిగ్గా కదులుతూనే కోలుకోవడం) పేరుతో చెబుతారు: ఆయాసం లేకుండా ఇరవై, ముప్పై నిమిషాలు, అంతే. ఆయనకి ఆ పేరుతో పనిలేదు.

చిన్నప్పుడు మా ఊళ్లో ఊడుపుల రోజులు గుర్తొచ్చాయి. మొదటి రోజు వంగి వంగి నాటినవాళ్లు రెండోనాడు మూలుగుతూ లేచేవారు, పొలం దాకా నడిచేసరికి నవ్వుకుంటూ దిగేవారు.

ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణమని మా ట్రైనర్ ఇప్పటికీ అంటాడు. నిజానికి ఆ ఆమ్లం గంటా గంటన్నరలో సర్దుకుపోతుంది. మర్నాడు నొప్పెట్టేది అలవాటు లేని బరువుకి, అందులోనూ బరువు దించేటప్పుడు సాగుతూనే ఆపాల్సొచ్చిన కండలో జరిగిన సూక్ష్మమైన దెబ్బల వల్ల. నడిస్తే ఆ కండకి రక్తం బాగా అందుతుంది, వేడెక్కుతుంది, బిగువు సడలుతుంది. అంతమాత్రాన దెబ్బ మానిపోదు, అది తన టైం తను తీసుకుంటుంది.

గుడి దగ్గర అదే రుజువైంది. క్యూలో గంటన్నర నిలబడేసరికి కాళ్లు మళ్లీ మొదటికొచ్చాయి. పెద్దాయన నాకన్నా ముందు దర్శనం చేసుకుని, చెప్పకుండానే వెళ్లిపోయినట్టున్నాడు. తిరుగు దారి కూడా నడిచే వచ్చాను, ఈసారి పంతంతో కాదు.

సోమవారం శాలిహుండం. అక్కడి కొండ మీది బౌద్ధ స్తూపాల గురించి అందరూ రాసేశారు. నాకు గుర్తున్నది మాత్రం కొండ దిగుడు. ఈ రకం నొప్పి రెండో రోజుకే బాగా ముదురుతుంది, పైగా దిగుడంటే తొడ కండ సాగుతూ ఆపుకోవాల్సిన పనే. నెమ్మదిగా నడిస్తే చాలని నిన్న నేర్చుకున్నవాణ్ణి, ఇవాళ కొండ ఎక్కి కూర్చున్నాను! కింద వంశధార ఎండకి మెరుస్తుంటే మళ్లీ పీత నడకే. వెనక దారియ్యమని విసుక్కునేవాళ్లు ఎవరూ లేరు, అదొక్కటే నయం.