రెండు రికార్డులు, ఒకటే పాట

జెర్సీ సిటీలో మా ఫ్లాట్‌లోకి రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్లు తెచ్చుకున్నప్పుడు నా మోజంతా స్క్రాచింగ్ మీదే, అంటే రికార్డును చేత్తో ముందుకూ వెనక్కీ కదిలించి గీకుడు చప్పుడు తెప్పించడం. నేర్పిస్తానన్న పెద్దాయన మాత్రం ఒకే ఎల్పీ రెండు కాపీలు కొనుక్కు రమ్మన్నాడు. "ముందు బ్రేక్ ఆగకుండా తిప్పడం నేర్చుకో. గీకుడు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

పాటలో గొంతు, మిగతా వాయిద్యాలు తప్పుకుని డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క బ్రేక్. ఇట్టే అయిపోతుంది. జమైకా నుంచి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్, అదే డీజే కూల్ హెర్క్, డాన్సర్లు ఆ ముక్క కోసమే కాచుకుని కూర్చుంటున్నారని పసిగట్టాడు. 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూలో చెల్లెలు సిండీతో కలిసి అతను పెట్టిన పార్టీనే హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. టికెట్ ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రెండు కాపీల మధ్య బ్రేక్‌ను అటూ ఇటూ మార్చి సాగదీయడం కూడా అతను తెచ్చిందే. కానీ సూదిని ఎత్తి అందాజుగా పెట్టేవాడు.

ఆ అందాజును లెక్కగా మార్చింది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. స్కూల్లో ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడు. రికార్డు మీద గుర్తు పెట్టి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్కపెట్టేవాడు. కింద పళ్లెం తిరుగుతున్నా పైన రికార్డు చేతికి లొంగాలని ఫెల్ట్ గుడ్డకు గంజి పట్టించి బిళ్లలా చేసుకున్నాడట. ఈ గంజి సంగతి విన్నాక ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

నా సాధన అంతా ఆ లెక్కే. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. నిమిషానికి 100 బీట్ల పాటలో రెండు బార్ల (బార్‌కు నాలుగు బీట్లు) బ్రేక్ 4.8 సెకన్లు, అంటే రెండు చుట్లూ ఇంకో మూడింట రెండొంతులు. లేబుల్ మీద స్టిక్కర్‌ను గడియారంలో పన్నెండు దగ్గర పెట్టి వదిలితే, బ్రేక్ అయ్యేసరికి అది ఎనిమిది దగ్గర ఉంటుంది. ఆ క్షణాన కుడి రికార్డు వదలాలి, ఒక రికార్డు మోత నుంచి ఇంకోదానికి మార్చే మీట, క్రాస్‌ఫేడర్‌ను, అటు నెట్టాలి. అది మోగుతుండగా ఎడమదాన్ని రెండు చుట్లు వెనక్కి లాగి, ఎనిమిది నుంచి ఇంకా వెనక్కే పన్నెండుకు తెచ్చి పట్టుకోవాలి. హెడ్‌ఫోన్స్‌లో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) సరిగ్గా సూది కిందే ఉందో లేదో ముందే వినాలి. ఇదంతా ఐదు సెకన్ల లోపే. మొదట్లో ఒకటే టెన్షన్. కుడి చెయ్యి చెప్పిన మాట వినేది, ఎడమది మొరాయించేది. కొన్నాళ్లకు స్టిక్కర్ చూడకుండానే మణికట్టుకు ఆ దూరం అలవాటైంది.

మోటారు బెల్టుతో పళ్లేన్ని తిప్పే పాత మెషీన్ మీద ఇది కుదరదు. చెయ్యి ఆనగానే పళ్లెం నీరసపడిపోతుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనే టర్న్‌టేబుల్‌లో మోటారు నేరుగా పళ్లేన్నే తిప్పుతుంది కాబట్టే డీజేలంతా దాన్ని పట్టుకున్నారు. సెకండ్‌హ్యాండ్‌వి కూడా చవకేం కాదు.

ఆ తర్వాత స్క్రాచ్‌కి వచ్చాం. దాన్ని కనిపెట్టింది గ్రాండ్ విజార్డ్ థియోడోర్. అప్పటికింకా పిల్లవాడే. గదిలో మోత ఎక్కువైందని అమ్మ కేకలేస్తుంటే రికార్డును చేత్తో ఆపి ముందుకూ వెనక్కీ కదిలించాడట. ఫేడర్ ముట్టుకోకుండా చేసే ఈ 'బేబీ స్క్రాచ్' నాకు తొందరగానే వచ్చింది. ముందుకు తోస్తూ ఫేడర్ మూసే చిర్ప్ కూడా పరవాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ అనే ఇంకో స్క్రాచ్‌లో రికార్డును మెల్లగా లాగుతూ బొటనవేలితో, వేళ్లతో ఫేడర్‌ను టకటకలాడించాలి. అక్కడ నా వేళ్లు ఇంకా తడబడుతున్నాయి. రాత్రి తొమ్మిది దాటితే కింద ఫ్లాట్ వాళ్ల కోసం హెడ్‌ఫోన్స్‌లోనే సాధన.