బాదల్ చెవులు

కేదార్‌నాథ్ కొండదారి మొదలయ్యే గౌరీకుండ్‌లో నేను చేసిన మొదటి తప్పు, అమ్మను మోసే జంతువు బాదల్‌ను వెనుకనుంచి సమీపించి దాని పిరుదు మీద చేయి వేయడం. అది ఒక్క ఉదుటున పక్కకు జరిగి, వెనుక కాలితో నేలను బలంగా తాకింది. దాన్ని నడిపించే నేపాలీ కుర్రాడు నా మోచేయి పట్టుకొని ముందుకు లాగి, "వెనుకనుంచి రావద్దు దీదీ, వాడికి మీరు కనబడరు" అన్నాడు.

అది అక్టోబరు నెల. దీపావళి తర్వాత వచ్చే భాయీదూజ్ పండుగ నాడు కేదార్‌నాథ్ గుడి తలుపులు మూస్తారు కనుక ఈలోపే దర్శనం కావాలని అమ్మ పట్టుబట్టింది. మోకాళ్ల నొప్పులతో 16 కిలోమీటర్లు ఎక్కడం ఆమెకు సాధ్యం కాదు కాబట్టి, ఆమెను బాదల్ మీద కూర్చోబెట్టి నేను పక్కన నడిచాను. ఆ దారిలో మోసే ప్రతి జంతువునూ మనవాళ్లు గుర్రమనే అంటారు గానీ వాటిలో చాలావరకు కంచరగాడిదలే. బాదల్ కూడా అంతే. తండ్రి గాడిద, తల్లి గుర్రం.

కుర్రాడు చెప్పిన మాటకు కారణం ఆ జంతువు కళ్లలోనే ఉంది. అవి తలకు రెండు పక్కలా ఉండటం వల్ల, మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. అయినా సరిగ్గా తోక వెనుక భాగమూ, ముక్కు ముందు కొద్దిపాటి చోటూ దానికి కనిపించవు. మైదానాల్లో గడ్డి మేస్తూ, వేటాడే మృగాల బారినుంచి పరుగుతోనే ప్రాణం దక్కించుకొన్న జాతి అది. కనిపించని చోట ఒంటికి ఏదైనా తగిలితే అది మనిషి చేయా, పులి పంజా అని తేల్చుకొనేదాకా ఆగదు. దారి ఉంటే పారిపోతుంది, లేకపోతే తన్నుతుంది. అందుకే మాట్లాడుతూ, భుజం వైపునుంచి వెళ్లి మొదట మెడను నిమరాలి. వెనుకగా దాటక తప్పకపోతే కాలు అందనంత దూరంగా పోవాలి, లేదా చేయి దాని ఒంటిమీదే ఉంచి పూర్తిగా ఆనుకొని నడవాలి. ఈ రెంటికీ నడుమ దూరంలో తగిలే తన్ను ఎముకలు విరగ్గొడుతుంది.

దారిలోని జంగిల్‌చట్టీ మజిలీ దాటేవరకు నేను బాదల్ చెవులనే గమనిస్తూ నడిచాను. ముందుకు నిక్కితే ఎదుట ఏదో చూస్తోందని, ఒకటి వెనక్కు తిరిగితే అమ్మ మాట వింటోందని, రెండూ మెడకు అంటుకుపోతే కోపమొచ్చిందని అర్థం. నిలబడినప్పుడు వెనుక గిట్ట మొనను నేలకు ఆనించి ఒళ్లు సడలిస్తే అది విశ్రాంతి. అదే కాలిని చెవులు వాల్చి ఎత్తితే హెచ్చరిక.

2013 జూన్ వరదలో రామ్‌బాడా మజిలీ కొట్టుకుపోయాక, దారి అక్కడ మందాకిని నదిని దాటి అవతలి గట్టున లించోలీ మీదుగా వెళ్తోంది. వంతెన దాటగానే ఎక్కుడు నిటారుగా ఉంటుంది. అక్కడ జల్లు మొదలైంది. అమ్మ సోన్‌ప్రయాగ్‌లో కొన్న పల్చని ప్లాస్టిక్ కోటు తీసి దులిపింది. ఆ పెళపెళ చప్పుడుకు ముందు బాదల్ చెవులు రెండూ వెనక్కు తిరిగాయి, తర్వాత మెడ బిగిసింది, కంటి తెల్లగుడ్డు కనిపించింది, ఆ తర్వాతే అడుగు లోయ వైపుకు పడింది. నేను కేక వేయబోయాను. కుర్రాడు అరవలేదు, పగ్గం గుంజలేదు. దాని తలను మెల్లగా తనవైపు తిప్పుకొంటూ, "మాతాజీ, కోటు కదపకండి, ఒళ్లో పెట్టుకోండి" అని మాత్రం అన్నాడు. బాదల్ నిలిచిపోయింది. తర్వాత అమ్మను కొండవైపు దింపి, కోటును బాదల్ వాసన చూసేదాకా దాని ముక్కు దగ్గర పట్టుకొని, ఆ తర్వాతే తొడిగించాడు. ఆ ఓర్పు నా మనసులో నిలిచిపోయింది.

పగ్గాన్ని అతడు ఎప్పుడూ చేతికి చుట్టుకోలేదు, మడతలుగా గుప్పిట్లో పట్టుకొన్నాడు. చుట్టుకొంటే జంతువు బెదిరి ఉరికినప్పుడు ముడి బిగిసి మనిషినీ ఈడ్చుకుపోతుంది. అమ్మ పాదం, జీనుకు వేలాడే రికాబులో లోపలికి జారినప్పుడల్లా వెనక్కు నెట్టి, వేళ్ల వైపు భాగం మాత్రమే ఆనేలా సరిచేశాడు. ఎక్కుడులో ముందుకు వంగమని, దిగుడులో వెనక్కు వాలమని ఆమెకు పదే పదే చెప్పాడు. నన్నేమో ఎదురు గుర్రాలు వచ్చినప్పుడల్లా కొండను ఆనుకొని నిలబడమనేవాడు, ఎందుకంటే లోయ అంచున నిలబడినవారిని ఒక మూట రాసుకొన్నా చాలు, కింద పడిపోతారు.

లించోలీలో ఆగినప్పుడు బాదల్ ముక్కుపుటాలు పూర్తిగా విచ్చుకొని ఉన్నాయి. ఈ జాతి నోటితో ఊపిరి పీల్చలేదు, ఎంత రొప్పినా ముక్కుతోనే. కుర్రాడు దాని మెడ మీద చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలాడు. అది వెంటనే సర్దుకొంటే ఒంట్లో నీరు సరిపడా ఉన్నట్టు, మడత నిలిచిపోతే తక్కువైనట్టు. పక్కనే మరో కంచరగాడిద జీను కింద పచ్చిపుండుతో బరువు మోస్తూ వచ్చింది. దాన్ని చూసి అమ్మ కళ్లు తుడుచుకొంది. అద్దెకు మాట్లాడేముందు జీను ఎత్తించి వీపు చూడడం, నాలుగడుగులు నడిపించి కుంటుతోందేమో గమనించడం మనం చేయగలిగిన పని. అలాంటి జంతువును వద్దనడం అవసరం. నొప్పితో ఉన్న జంతువు ఎప్పుడు కూలబడుతుందో, ఎప్పుడు తన్నుతుందో చెప్పలేం.

గుడికి ముందే గుర్రాలను ఆపే పడావు దగ్గర అమ్మ దిగింది. కాసేపు కాళ్లు సాచుకొని, సంచిలోనుంచి బెల్లం ముక్క తీసి, భుజం వైపునుంచి "బాదల్, నాన్నా" అని పిలుస్తూ దగ్గరికి వెళ్లింది. వేళ్లు దగ్గరగా చేర్చి, అరచేతిని చదునుగా చాచింది. బాదల్ ఎడమ చెవి ఆమెవైపు తిరిగింది, తర్వాత తల.