పానగల్లు ఎండకు ఒక చిన్న ప్లగిన్

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని నేపథ్యంగా తీసుకొని ఒక చిన్న త్రీడీ ఆట తయారుచేస్తున్నాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మండపంలో ఎండ ఎలా వాలుతుందో చూడాలంటే ప్రతిసారీ ఆటను నడిపి, ఆపి, కాంతి కోణాన్ని అంకెలతో మార్చవలసి వచ్చేది. ఆ శ్రమ తగ్గించడానికే, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన గోడోట్ ఎడిటర్‌కు ఒక ప్లగిన్ (అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రాం) రాశాను. డాక్‌లోని, అంటే ఎడిటర్ పక్క ప్యానెల్‌లోని, స్లైడర్‌ను జరిపితే సీన్‌లోని సూర్యకాంతి అక్కడికక్కడే తిరుగుతుంది.

నిర్మాణం చాలా సరళం. యాడాన్స్ (addons) ఫోల్డరులో ప్లగిన్ పేరు, వెర్షన్, స్క్రిప్టు వివరాలు తెలిపే కాన్ఫిగ్ ఫైలు, దానితో పాటు ఒక స్క్రిప్టు ఉంటే చాలు. గోడోట్ 4లో ఆ స్క్రిప్టు మొదట '@టూల్' అని రాస్తేనే అది ఆట నడవకుండా ఎడిటర్ లోపల పనిచేస్తుంది. ప్లగిన్‌ను ఆన్ చేసినప్పుడు 'ఎంటర్ ట్రీ' ఫంక్షన్ స్లైడర్‌ను డాక్‌లో చేరుస్తుంది; ఆఫ్ చేసినప్పుడు 'ఎగ్జిట్ ట్రీ' దానిని తొలగించి మెమరీని విడుదల చేస్తుంది. ఈ రెండో భాగమే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే అది లేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా పాత స్లైడర్ పక్కన మరొకటి వచ్చి చేరుతుంది.

స్లైడర్ జరిగేకొద్దీ స్తంభాల నీడలు రాతినేల మీద పాకుతూ పోవడం చూసి ఎంతో సంతోషించాను. అయితే గర్భాలయంలో పగలంతా కదలకుండా నిలిచే ఆ ప్రసిద్ధమైన నీడ ఈ పద్ధతిలో రాదు. నేరుగా పడే ఎండకు నీడ జరుగుతూనే ఉంటుంది కనుక, స్లైడర్‌తో సంబంధం లేని మరో కాంతిని అక్కడ అమర్చాలి. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాను.