డేవ్ థామస్ దాచుకోని మాట

అమెరికాలో వెండీస్ అనే బర్గర్ షాపులు మొదలుపెట్టిన డేవ్ థామస్ అంటే నాకు చాలా గౌరవం. ఆయన కోటీశ్వరుడు కావడం ఒక్కటే దానికి కారణం కాదు.

1932లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పుట్టారు. ఆరు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పుడే రెక్స్, ఆలీవా దంపతులు తెచ్చి పెంచుకున్నారు. ఐదేళ్లు నిండేసరికి ఆ తల్లి పోయింది. తండ్రి పని కోసం ఊళ్లు తిరుగుతుంటే ఆయనకి ఏ ఊరూ సొంతూరు కాలేదు. 12 ఏళ్లకే హోటల్లో పనికి చేరారు, 15 ఏళ్లకి చదువు మానేశారు.

1962లో కొలంబస్‌లో నష్టాల్లో ఉన్న నాలుగు కేఎఫ్‌సీ షాపులు ఆయన చేతికొచ్చాయి. చాంతాడంత మెనూ కత్తిరించి చికెన్ మీదే మనసు పెట్టారు. దాని విలువ మాకు బాగా తెలుసు. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మాది చిన్న ఫాస్ట్‌ఫుడ్ సెంటర్. సాయంత్రం రద్దీలో ఒకరు గోబీ మంచూరియా, ఒకరు ఎగ్ నూడుల్స్, ఇంకొకరు చికెన్ ఫ్రైడ్ రైస్ అంటే మా ఆయన ప్రతిసారీ కడాయి కడిగి, మళ్లీ కాగనిచ్చి, అప్పుడు నూనె పోయాలి. బోర్డు మీద సగం ఐటమ్స్ తీసేశాక అన్నం మెతుకు మెతుకు విడివిడిగా వస్తోంది, పార్సిల్ కోసం నిలబడేవాళ్లూ తగ్గారు.

1969 నవంబర్ 15న కొలంబస్‌లోనే కూతురి ముద్దుపేరుతో మొదటి వెండీస్ తెరిచారు. అక్కడి బర్గర్‌లో మాంసం ముక్క నలుచదరంగా ఉంటుంది. గుండ్రటి బన్ను అంచు దాటి మూలలు బయటికి కనబడతాయి. లోపల ఏం పెట్టారో కొరకకముందే తెలిసిపోతుంది. నాకు భలే నచ్చింది.

అయితే, తాను పెంపుడు బిడ్డనని ఆయనకి 13 ఏళ్లకి గానీ తెలియలేదు. ఆ మాట ఆయన్ని చాలా బాధపెట్టింది. పెద్దయ్యాక మాత్రం దాన్ని దాచలేదు. నలుగురిలో చెప్పుకున్నారు. పిల్లల్ని దత్తత తీసుకునే ఉద్యోగులకి సాయం చేయమని కంపెనీలని అడిగారు. 1992లో దత్తత కోసమే ఫౌండేషన్ పెట్టారు. 2002లో ఆయన పోయాక కూడా, ఎవరూ ముందుకు రాని పెద్ద పిల్లలకి ఇళ్లు వెతికిపెట్టే పని అది చేస్తూనే ఉంది.

మా పాపనీ మేం దత్తత తీసుకున్నాం. "పెద్దయ్యాక చెబుదురుగానిలే, ఇప్పుడెందుకు?" అన్నారు మా చుట్టాలు. మేం వినలేదు. అన్నం తినిపిస్తూ రోజూ కథలా చెప్పాను. ఇప్పుడది "నన్ను తేవడానికి వచ్చినప్పుడు నువ్వు ఏ చీర కట్టుకున్నావమ్మా?" అని అడిగి మరీ చెప్పించుకుంటుంది. పసుపు రంగు గద్వాల్ చీర.

మన వైజాగ్‌లో ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే ఆసుపత్రి దగ్గరో, మధ్యవర్తి దగ్గరో బిడ్డని తీసుకోకండి. అది నేరం. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోండి. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అన్నీ అడుగుతారు, చివర్లో కలెక్టర్ ఉత్తర్వు వస్తుంది. పసిపిల్లల కోసమైతే ఏళ్ల తరబడి ఆగాలి. ఫారం నింపేటప్పుడు వయసు గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆరేడేళ్ల పిల్లల గురించి కూడా ఇంట్లో మాట్లాడుకోండి.