శాపం ఉన్న చోట ఆరాధన

ప్రభు సంస్కారపు ఆరాధనలో నీకయ విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు గమనించండి. పొంతి పిలాతు దాకా గొంతులు బాగానే కలుస్తాయి. పరిశుద్ధాత్మ దగ్గరికి రాగానే తొందర మొదలవుతుంది, కొన్ని చేతులు అప్పటికే పాటల పుస్తకం తిరగేస్తుంటాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

325లో నీకయ సభలో బిషప్పుల దృష్టంతా అరియస్ అనే బోధకుడి మీదే. కుమారుడు లేని కాలం ఒకటి ఉందన్న అతని బోధకు ఒక్కొక్క మాటా బిగించి జవాబు రాశారు. పరిశుద్ధాత్మకు మాత్రం “పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము” అన్నంతే. ఆ వెంటనే అరియస్ బోధను పట్టుకున్నవారిపై శాపవచనాలు. (పిలాతు పేరు కూడా అప్పటి పాఠంలో లేదు.)

ఆ తర్వాత ఆత్మను సృష్టింపబడినవాడిగా తగ్గించేవారు బయలుదేరారు. కైసరయ బిషప్పు బాసిల్ “తండ్రికి, కుమారునితోను పరిశుద్ధాత్మతోను మహిమ” అని ప్రార్థించినందుకు కొత్త బోధ అని నిందించారు. ముగ్గురి నామంలో బాప్తిస్మం పొందాం, పొందినట్టే నమ్ముతాం, నమ్మినట్టే మహిమపరుస్తాం అన్నది ఆయన వాదన. 379లో ఆయన కన్నుమూశాడు.

రెండేళ్లకు, 381లో, కాన్‌స్టాంటినోపుల్ సభ. ఆ సభదిగా 451లో కల్కెదోను సభలో చదివి వినిపించిన పాఠమే మనం చెప్పేది. అందులో శాపవచనాలు లేవు. ఆ చోట ప్రభువు, జీవమిచ్చువాడు, తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడువాడు అన్న మాటలున్నాయి! ఆత్మను సూటిగా “దేవుడు” అనలేదని బాసిల్ స్నేహితుడు నజియంజు గ్రెగరీకి అసంతృప్తి. నాకు మాత్రం ఇదే ప్రియం. దేవునికి తప్ప మోకాలు వంచనివారు ఆరాధింపబడువాడు అన్నాక ఇంకేం మిగిలింది?

కన్ఫర్మేషన్ తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: “ఆత్మను ఆరాధించాలా, ఆత్మలో ఆరాధించాలా?” రెండూ అన్నాను. బాసిల్ కూడా రెంటినీ ఒప్పుకున్నాడు. పాతికేళ్లుగా గుడికి వచ్చే పెద్దలెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

తర్వాత, ఆత్మ తండ్రి నుండి బయలుదేరుతాడన్న చోట పడమటి సంఘం “కుమారుని నుండియు” అని చేర్చింది. పోపు మూడవ లియో ఆ మాట లేని పాఠాన్నే వెండి పలకలపై చెక్కించాడు, అయినా 1014 నాటికి రోములోనూ అది చేరింది. తూర్పు (ఆర్థడాక్స్) సంఘం నేటికీ ఒప్పుకోదు. ఆత్మ ఎక్కడి నుండి బయలుదేరుతాడని వాదించేవారిలో ఆయనకు మోకరించేవారెందరో!

పాస్టరు గారూ, ఆత్మను గురించిన ఆ మూడో భాగం దగ్గర కాస్త నెమ్మదించండి. కీబోర్డు వాయించే తమ్ముడూ, తర్వాతి పాట శ్రుతి అప్పుడే అందుకోకు. పుస్తకాలు దించి తలలు వంచండి, ఆరాధింపబడువాడు అని ఆయనతోనే చెప్పండి.