తెల్లవారుజాము విమానానికి శ్రీకాకుళం నుంచి కారు మాట్లాడటం: నా అనుభవం

విశాఖ ఎయిర్‌పోర్టులో పొద్దున్న ఆరున్నరకి విమానమంటే విశాఖ వాళ్లకి అది తెల్లవారుజాము ప్రయాణం. శ్రీకాకుళంలో ఉన్న మనకి అర్ధరాత్రి ప్రయాణం. చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తాయి. అమ్మకి వీల్‌చైర్ అడిగాం కాబట్టి నాలుగున్నరకల్లా ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర ఉండాలి. హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, మధ్యలో టీకి ఒకసారి ఆగడం, డిసెంబరు మంచు. వెనక్కి లెక్కేసుకుంటే ఇంట్లోంచి ఒకటిన్నరకి బయల్దేరాలని తేలింది.

మేం వెళ్లేది హైదరాబాద్. రైలయితే ఆమదాలవలసలో ఎక్కేయొచ్చు గానీ, రాత్రంతా బెర్తు మీద అమ్మ మోకాళ్లు ఊరుకోవు. అసలు వెళ్తున్నదే ఆ మోకాళ్ల డాక్టరు కోసం. నాన్‌స్టాప్ బస్సులో విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కడం పగటి విమానానికి బాగానే ఉంటుంది, ఒక్కణ్ణే అయితే నేను చేసేది అదే. ఈసారి కారు తప్పలేదు.

మొదట నేను ఫోన్ చేసినాయన అందరికంటే తక్కువ చెప్పాడు. బండి ఫొటో పంపమంటే తెల్ల నంబర్ ప్లేటు. అంటే సొంత బండి, అద్దెకి తిప్పకూడదు. దారిలో ఏదైనా జరిగితే లోపల కూర్చున్నవాళ్ల విషయంలో ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. "అందరూ తిప్పుతున్నారు కదా బాబూ" అన్నాడు. తిప్పుతున్నారు, నిజమే. నేను మాత్రం పసుపు ప్లేటు బండే కావాలన్నాను.

రెండో ఆయన కిలోమీటరుకి 14 రూపాయలన్నాడు. వినడానికి బాగుంది. రానుపోను 230 కిలోమీటర్లు అనుకుని నేను మనసులో గుణిస్తూ ఉండగానే, రోజుకి కనీసం 300 కిలోమీటర్లు కడతామన్నాడు. అంటే 4,200. ఆపైన డ్రైవర్ బత్తా, రాత్రి కాబట్టి ఇంకో బత్తా, టోలు, పార్కింగు. ఏవేవి కిరాయిలో కలిసి ఉన్నాయి, ఏవేవి విడిగా అని అడిగితే "అవన్నీ మామూలేనండి" అని జవాబు. ఈ మామూలే అన్నమాట దగ్గరే గొడవలన్నీ మొదలవుతాయి. మూడో ఆయన మొత్తం ఒకే అంకె చెప్పి, టోలు మాత్రం ఫాస్టాగ్‌లో ఎంత పడితే అంత ఇవ్వమన్నాడు. అదే వాట్సాప్‌లో రాసి పంపమంటే పంపాడు కూడా. ఆయనకే అడ్వాన్స్ కొట్టాను.

ఏ బండి అన్నది అమ్మ తేల్చింది. ఇన్నోవా అంటే గొప్పగానే ఉంటుంది గానీ, మా మావయ్యగారి ఇన్నోవా ఎక్కాలంటే అమ్మకి కాలు అంత ఎత్తు లేవదు. డిజైర్‌లోకి దిగబడినట్టు కూర్చుంటుంది, లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. పక్కింటి వాళ్ల ఎర్టిగాలో ఒకసారి కూర్చోబెట్టి చూశాం. సీటు సరిగ్గా నడుం ఎత్తులో ఉంది, అటు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి పెట్టుకుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో ప్రయాణమైతే బుక్ చేసే ముందు ఈ పని చెయ్యండి.

ఇంతకీ బండి కంటే, రేటు కంటే నేను ఎక్కువసేపు మాట్లాడింది డ్రైవర్ నిద్ర గురించి. పగలంతా అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం తిప్పి వచ్చినవాణ్ణే రాత్రి ఒంటిగంటకి మళ్లీ లేపి పంపిస్తారు. రణస్థలం దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. కన్ను మూతపడేది అలాంటి చోటే. "ముందురోజు ఆ అబ్బాయికి డ్యూటీ ఏటి?" అని అడిగాను. ఓనరు కాసేపు ఆగి, "పలాస ట్రిప్పు ఉంది బాబూ, వేరేవాణ్ణి ఎడతాను" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగరట. అడగాలి.

వచ్చిన కుర్రాడు మధ్యాహ్నం నుంచి పడుకుని లేచానన్నాడు, మొహం చూస్తే నమ్మొచ్చనిపించింది. "నాయనా, తొందరేం లేదు, మెల్లిగా పోనీ" అని అమ్మ మా ఊరి సింహద్వారం దాటకుండానే మొదలెట్టింది. పైడిభీమవరం దగ్గర మంచు పట్టింది. వాడు వేగం తగ్గించి, ముందు వెళ్తున్న లారీ వెనక దీపాలు కనబడేంత దూరంలో పోనిచ్చాడు, ఓవర్‌టేక్ జోలికి పోలేదు. నాతవలసలో టోలు, భోగాపురం దాటాక టీ. అక్కడి కొత్త ఎయిర్‌పోర్టు అప్పటికింకా తెరుచుకోలేదు, తెరుచుకుని ఉంటే ఈ లెక్కలో సగం మనకి మిగిలేది. పగలైతే ఆనందపురంలో బైపాస్ ఎక్కి పెందుర్తి, గోపాలపట్నం మీదుగా ఎయిర్‌పోర్టు దగ్గరి ఎన్ఏడీ కూడలికి వెళ్లడం నయం. ఆ వేళప్పుడు మధురవాడ, హనుమంతవాక అన్నీ ఖాళీయే కాబట్టి ఊళ్లోంచే పోయాం. నాలుగు దాటిన కాసేపటికి దిగాం.

తిరుగు ప్రయాణం నాలుగు రోజుల తర్వాత, రాత్రి విమానం. ఎయిర్‌పోర్టులో దిగి యాప్‌లో చూసుకుందామంటే, శ్రీకాకుళం అనగానే డ్రైవర్లు రైడ్ క్యాన్సిల్ చేసేస్తారు, లేదా రానుపోను కిరాయి అడుగుతారు. దీనికి మన జిల్లా బండే దారి. పేషెంట్లని విశాఖ ఆసుపత్రులకి దించి ఖాళీగా వెనక్కొచ్చే బళ్లు రోజూ ఉంటాయి. మా ఓనరు అలాంటిదొకటి చూసిపెట్టాడు, కిరాయి సగానికి కాస్త ఎక్కువ పడింది. దిగే టైము కాకుండా విమానం నంబరు పంపాను. లేటైతే అతనే ఫోన్‌లో చూసుకుంటాడు, మొదటి గంట వెయిటింగ్ ఉచితమని ముందే అనుకున్నాం. విమానం నలభై నిమిషాలు లేటు. అరైవల్స్ ముందు బండి ఆపనివ్వరు కాబట్టి పార్కింగ్‌లో ఉండి, మేం సామాన్లు తీసుకుని బయటికొచ్చి ఫోన్ చేశాకే వచ్చాడు.

మర్నాడు ఓనరుతో లెక్క తేల్చుకునేటప్పుడు మొదటి ట్రిప్పు టోలుకి వెళ్లడానికొకటి, రావడానికొకటి, రెండు పూర్తి టోళ్లు వేశాడు. జాతీయ రహదారి మీద 24 గంటల్లోపు అదే బండి తిరిగొస్తే రెండూ కలిపి ఒకటిన్నర రెట్లే. ఫాస్టాగ్ మెసేజ్‌లు చూపించమన్నాను. చూసుకుని, "అవును బాబూ, తక్కువే పడింది" అని నవ్వేశాడు. మిగతాది ఫోన్‌పే చేసేశాను.