అమ్మ ఆఫీసుకెళ్లాక పాల సంగతి

26 వారాల ప్రసూతి సెలవు అయిపోవచ్చిందంటే చాలామంది తల్లులకు గుండెల్లో రాయి పడ్డట్టవుతుంది. "నేను లేకపోతే పాలెలా?" అని. పాలు మాన్పించక్కర్లేదమ్మా. రెండు మూడు వారాల ముందు నుంచే పిండడం అలవాటు చేసుకోండి. పొద్దున బిడ్డ తాగిన అరగంట, గంట తర్వాత బాగా వస్తాయి. నొప్పి పెడుతూ చుక్కలే వస్తుంటే పాలు లేవని కంగారుపడొద్దు. చాలాసార్లు తప్పు పాలు పిండే పంపుకుండే గరాటుది, చనుమొన సైజుకు అది సరిపోవట్లేదు.

సీసాకి 60 నుంచి 90 మిల్లీలీటర్లు చాలు, పైన తేదీ రాయండి. ఫ్రిజ్‌లో వెనక వైపు పెడితే 4 రోజులుంటాయి. తలుపులో వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది. ఫ్రిజ్ బయట 4 గంటలుంటాయన్నది 25 డిగ్రీల లోపు లెక్క, మన హైదరాబాద్ మే నెలకి పనికిరాదు. మెట్రోలో తెచ్చేటప్పుడు ఐస్ ప్యాకుల సంచి తప్పనిసరి.

మీగడలా పైకి తేలితే పాడైనట్టు కాదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా పెట్టి మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. మైక్రోవేవ్ వద్దే వద్దు, ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేలా ఉంటాయి. ఇంట్లో పట్టే అమ్మమ్మకో నానమ్మకో ఇది చేసి చూపించండి, చెప్తే సరిపోదు.

సీసా ఖాళీ చేయించాలని కూర్చోవద్దు. ఆకలికి బిగించిన పిడికిలి కడుపు నిండేకొద్దీ వేలు వేలుగా విచ్చుకుంటుంది. అది చూసి ఆపాలి. మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాల్సిందే, ప్రాణం ఉసూరుమన్నా సరే.

ఇంకోటి, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే గది ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టంతోనే వచ్చింది. మొహమాటపడకుండా అడగండి.